పద్దెనిమిది వేల నాలుగొందలు

గుణుపురం ఘాట్లో బృందాబన్ లారీ బోల్తా పడిందని
కబురొచ్చిన పొద్దున
నేను ముందు వెతికింది చెప్పుల కోసం కాదు,
ఎర్ర అట్ట పుస్తకం కోసం.
నలభై మూడో పేజీ.
బియ్యం, కిరసనాయిలు, కూతురి బారసాలకి బెల్లం,
రెండుసార్లు చేబదులు.
మొత్తం పద్దెనిమిది వేల నాలుగొందలు.

కాశీనగర్లో నా కొట్టు.
గల్లాపెట్టె మీద సింహాద్రప్పన్న, పక్కనే జగన్నాథుడు.
ఇద్దరికీ కలిపి ఒకటే అగరొత్తి.
ఆ పూట రెండు వెలిగించాను.
"సామీ, వాడు పోకూడదు" అన్నాను.
ఎందుకు పోకూడదో
నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.
పెద్దకళ్ళాయనకి తెలుగు ఎంతవరకు వచ్చో అని
ఒడియాలో కూడా ఒకసారి:
తాకు బొంచెయి దిఅ, ప్రొభు.

బరంపురం పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు.
మా అమ్మ ఆయాసంతో మంచం పట్టినప్పుడు కూడా
ఇంత నిష్ఠగా అడగలేదు దేవుణ్ణి.
సోమవారం ఒంటిపూట ఉన్నాను.
"ఎవరికోసమేటి?" అంది మా ఆవిడ.
"బృందాబన్ కోసం."
"ఆడు నీకేటవుతాడు?"
అప్పు అవుతాడని చెప్పలేక
మనిషే కదా అన్నాను.
ఎంత బాగుందో ఆ మాట!
నా నోట్లోంచి వచ్చినట్టే లేదు.
సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది.

కుముదిని వచ్చింది, వాడి పెళ్ళాం,
ఆసుపత్రికి బట్టలు పట్టుకెళ్ళడానికి.
కొట్టు మెట్టు మీదే కూలబడి
నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.
సగం ఒడియా, సగం తెలుగు:
"మీరు ఉపాసం ఉన్నారంట బాబూ,
మా సొంతోళ్ళు ఫోనైనా చెయ్యలేదు."
అప్పుడే ఉప్పు కొలిచిన చేతులు.
ఆవిడ కళ్ళు మండే ఉంటాయి.
ఏమీ అనలేదు.
నేనూ చెప్పలేదు.

ప్రార్థన ఫలించింది.
వాడు బతికాడు.
కుడికాలు మోకాలి కిందినుంచి తీసేశారు.

నేను అడిగింది ప్రాణం.
కాలు సంగతి విడిగా చెప్పాలని ఎవరనుకుంటారు?
లారీ తోలేవాడికి ప్రాణం ఉంచి, కాలు పట్టుకుని
నా ముందు లెక్క సరిచేసి పెట్టారా పైన?
కాదూ, పైన వినేవాళ్ళెవరూ లేరు,
ఎవరో కుర్ర డాక్టరు
పదకొండు రాత్రులు నిద్ర మానుకున్నాడు, అంతేనా?
అటూ ఇటూ తిప్పి చూశాను.
ఏది నిజమైనా
వాడి పెళ్ళాం అద్దుకున్నది నా చేతులే.

పేజీ చించెయ్యలేదు. అంత మంచివాణ్ణి కాను.
అడగనూ లేదు.
నలభై రెండు తర్వాత నలభై నాలుగు తిప్పడం
వేలికి అలవాటైంది.

ఇప్పుడు సాయంత్రాలు కర్ర చంకన పెట్టుకుని వస్తాడు.
గోనెబస్తా మీద కూర్చుని
బఠాణీల్లో రాళ్ళు ఏరిపెడతాడు. కూలి అడగడు.
మొన్న, వంశధారకి ఎర్రనీళ్ళొచ్చిన రోజు,
తలెత్తకుండానే అన్నాడు:
"రోజూ మీ పేరు మీద దణ్ణం పెడతాను బాబూ."
"నాకోసమా? ఎందుకురా?"
"మీరు పోతే మీ బామ్మర్ది కూకుంటాడు కొట్లో.
ఆడు అరువివ్వడు."
నవ్వు ఆపుకోలేకపోయాను. వాడూ అంతే.
చేటలోంచి నాలుగు బఠాణీలు దొర్లి
కాలవలో పడ్డాయి.
నాకోసం ఇంత నిజాయితీగా
ఎవరూ దణ్ణం పెట్టి ఉండరు.

నిన్న రాత్రి కొట్టు కట్టేస్తూ
అలవాటు చొప్పున అప్పన్న ముందు నిలబడ్డాను.
పిల్లల పేర్లు, మా ఆవిడ నడుంనొప్పి,
తర్వాత బృందాబన్.
ఈసారి రెండో కాలు సంగతి కూడా
విడమరిచి చెప్పాను.
అంతా అయ్యాక
వాడెంత ఇవ్వాలో
ఎంతకీ గుర్తు రాలేదు.
పద్నాలుగు వేలా? ఇరవయ్యా?
షట్టరు సగం దించినవాణ్ణి
మళ్ళీ లైటు వేసి
పుస్తకం తీసి చూసుకోవాల్సి వచ్చింది.