నీళ్ళ రిపోర్టు

తొలిసారి కరెంటు కొట్టినప్పుడు
మెయిను ఆపినాను.
ఫీజులు పెరికి జోబీలో ఏసుకున్నాను.
మళ్ళా తల వంచినాను, స్టేటరు లోపలికి.
మెడ కాడ నుంచి నడుం దాకా
జిల్లని దిగింది.

షెడ్డులో ఏ తీగా బతికి లేదు.
కరెంటున్నది నాలోనే.

పలమనేరు రోడ్డు, చిత్తూరు,
వేబ్రిడ్జి పక్క సందులో మా వైండింగు షాపు.
వెయ్యి అడుగుల బోర్లలోంచి కాలి వచ్చే మోటార్లకి
ఇరవై రెండేళ్ళుగా పేగులు మారుస్తా ఉండా.
ఆ యేడు కుడికాలి చెప్పు
ఎక్కడ జారిపోయేదో నాకు తెలిసేది కాదు.
ధనకోటి వెనకనే తెచ్చి కాలి ముందర పెట్టేది,
ఏమీ అనకుండా.

రక్తం తీసినారు.
షుగరు లేదు. థైరాయిడ్ బాగుంది.
బీ-పన్నెండు రవంత తక్కువంటే పది సూదులు.
మళ్ళా తీసినారు.
హద్దు దాటని మంచి పిల్లకాయల్లా
గడుల్లో కూచున్నాయి నా అంకెలు.
"ఏమీ లేదన్నా, పోయి పని చూసుకో."

ఏమీ లేకపోతే
నలభై ఆరో చుట్టు కాడ లెక్క ఎందుకు తప్పుతాది?
ఎడమ కంటికి మాత్రం రాగితీగ ఎరుపు
నూరుసార్లు ఉతికిన చీర మాదిరి
ఎందుకు వెలిసిపోతాది?

గుడిపాల నుంచి దొరసామి అని ఒక రైతు
ఒకపారి మోటారుతో పాటు
నీళ్ళ రిపోర్టు కూడా తెచ్చినాడు.
ఉప్పు ఇంత, ఫ్లోరైడు ఇంత, అంతా సరి,
మరి మోటారెందుకు కాలింది సామీ అన్నాడు.
పడీపడీ నవ్వినాను.
వైండింగు సంగతి నీళ్ళెట్లా చెప్తాయి పెద్దాయనా?

ఆ నవ్వు ఇప్పుడు నా ఫైల్లో ఉంది,
ఏడు కాగితాలు, పిన్ను కొట్టి.

తిరపతిలో గొట్టంలోకి తోసి
ముప్పావుగంట దడదడా కొట్టినారు.
బేరింగు పోయిన సద్దు, నాకు కొత్త కాదు.
డాక్టరమ్మ తెర మీద తెల్లమచ్చలు చూపించి
ఎమ్మెస్ అన్నది.
ఎమ్మెస్ అంటే నాకు తెలిసింది
బోరులోకి దించే ఇనప పైపు.
ఆమె మల్టిపుల్ అని మొదలుపెట్టి,
నరానికి తొడుగుంటుంది, కాపలా కాసే కణాలే
దాన్ని కొరుకుతున్నాయని చెప్తా ఉంటే
అడ్డం పడినాను:
"కోటింగు లేచిపోయిందా మేడం? షార్టవతా ఉందా?"
ఆమె పెన్ను కింద పెట్టింది.
"అంతేనప్పా."
"మళ్ళా కోటింగు ఏస్తారా?"
ఆమె పెన్ను తీసుకున్నది.

రాసింది ఏమంటే: మందు, దాంతో పాటు
మూడు నెలలకొకపారి రక్తం.
మళ్ళా నీళ్ళేనా అన్నాను.
ఈసారి చూసేది జబ్బును కాదంట,
మందును. అది తెల్లకణాల్ని ఎంత తగ్గించింది,
కాలేయాన్ని ఏం చేస్తా ఉంది.
కాపలా వాళ్ళకి మళ్ళా ఒక కాపలా.

కొంగారెడ్డిపల్లె ల్యాబులో గౌసియా
రబ్బరు కట్టి, నరం తట్టి,
"పిడికిలి బిగించన్నా" అంటాది.
బిగించినానో లేదో
చూసుకుంటే గానీ తెలీదు నాకు.

ఎండాకాలం పన్నెండు దాటితే
కాళ్ళు తడిసిన గోనెసంచులు.
మెడకి తడిగుడ్డ చుట్టుకుని కూచుంటే
పొద్దుగూకేటప్పటికి మెల్లగా తిరిగొస్తాయి.
బోరు మోటారూ ఇంతే కదా,
నీళ్ళలో మునిగుంటేనే తిరుగుతాది,
గట్టు మీద పెట్టి నడిపితే మాడిపోతాది.
దాన్ని ఎవరూ జబ్బనరు.

ఇప్పుడు చుట్లు లెక్కపెట్టేది ధనకోటి.
పాత తీగ మీద గోరు నడిపిస్తా పోయి
పూత లేచిన కాడ ఆగుతాది. "ఈడ."

నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు
నా కాలి మీద అదే గోరు.
ఈడ తెలస్తా ఉందా?
తెలస్తా ఉంది.
ఈడ?
ఆఁ.
ఈడ?

యాడ? అన్నాను.