చివరి రెండక్షరాలు

కణమంటే ఏమిటో మొదట నాకు చూపించింది ఉల్లిపొర.
ఆదోని హైస్కూలు, తొమ్మిదో తరగతి.
ఒంటికంటితో వంగి చూస్తే
గోడ కట్టినట్టు ఇటుక పక్కన ఇటుక,
ఎవరి గదిలో వాళ్లు.

ఇప్పుడు కర్నూలు పెద్దాసుపత్రి ల్యాబులో
రోజుకు అరవై స్లైడ్లకు రంగు వేస్తాను.
ఊదా, గులాబీ. అదీ ఉల్లిరంగే.
వరుస తప్పిన ఇటుకలు, గోడ దాటి
పక్కింట్లోకి చొరబడినవి
డాక్టరమ్మ బల్ల మీదికి పంపుతాను.

మాబున్ని మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు ఏరుతుంది.
ఎడమ బుగ్గలో పొగాకు, కుడిచేతిలో కుళ్లుగడ్డ,
ఇరవై ఏండ్లుగా.
బుగ్గ లోపల కందిబేడంత తెల్లమచ్చ.
కోసిన ముక్క నా దగ్గర మైనంలో ఉంది,
ఆమె బయట బెంచీ మీద.

ఏం మాట్లాడాలో తెలియక
పేపర్లో చదివింది చెప్పాను.
"ఉల్లిలో ఒక పదార్థముందంట, పైపొరల్లోనే ఎక్కువంట.
గాజుగిన్నెలో పెంచిన చెడ్డకణాలు
దాని ముందు నెమ్మదించాయంట.
పసుపులో, తెల్లగడ్డలో, ఆకుకూరల్లో
ఇట్లాంటివే ఇంకా ఎన్నో.
తింటే క్యాన్సర్‌ను నివారించవచ్చు అంటున్నారు."

మాటంతా వదిలేసి
దాని తోక పట్టుకుంది ఆమె.
"వచ్చు అంటే? వస్తుందా, రాదా మేడం?
మా యార్డులోనూ ఇంతే.
రేపు రేటు రావచ్చు అంటారు.
ఆ వచ్చును నమ్మి రైతు
గోతాల మీదే పండుకుంటాడు రాత్రంతా.
తెల్లారితే కిలో రూపాయి.
హంద్రీలో పారబోసి పోతాడు."

మళ్లీ తనే నవ్వింది.
"పైపొరలోనే ఉందా మందు?
ఇన్నేండ్లూ నేను ఊడ్చి పారేసేది దాన్నే కదా!
చీరె నిండా అదే, తల నిండా అదే.
జొన్నరొట్టెకు దినామూ ఉల్లికారమే.
మరి ఈ మచ్చ యాడ్నుంచి వచ్చె?"

నేను ఆమె ఎడమ బుగ్గకేసి చూశాను.
ఆమె ఊరకుంది.
కొంగుముడి విప్పి పొగాకు కాడ తీసి
కిటికీలో పెట్టింది.
పారేయలేదు.
పోయేటప్పుడు తీసుకోవచ్చన్నట్టు పెట్టింది.

మర్నాడు స్లైడు చూశాను.
గోడ నిలబడే ఉంది.
అడుగు వరుసలో నాలుగైదు ఇటుకలు మాత్రం
పక్కకు ఒరిగి
ఎవరో పిలిస్తే వింటున్నట్టున్నాయి.
ఇంకా దాటలేదు.

రిపోర్టు రాసేది నేను కాదు.
మానేస్తే మళ్లీ సరికావచ్చు, అని డాక్టరమ్మ రాస్తే
ఆ చివరి రెండక్షరాలు
మాబున్నికి చదివి వినిపించేది మాత్రం నేనే.

కిటికీలో కాడ లేదు.
ఆమె తీసుకుందో, ఆయా ఊడ్చేసిందో.

ఆ రాత్రి ఇంట్లో ఉల్లిగడ్డ ఒలుస్తూ
ఒక్క పొర దగ్గరే ఆగిపోయాను.