చక్రవడ్డీ

డులూత్‌లో మోకాలి లోతు మంచు.
స్కూలు బస్సు తోలే వర్నా ఒస్ట్‌బీ
ఉత్తరాన్ని స్టీరింగుకి ఆనించి చదివింది:
పదిహేడున్నర ఇకపై ఇరవై తొమ్మిది.
ఎందుకో రాయలేదు.

ఆ కార్డు మీద వాడింది మాత్రం ఏపాటి?
పాత కారుకి నాలుగు చలికాలపు టైర్లు,
ఒక పన్ను పీకించుకున్న ఖర్చు.
టైర్లు అరుగుతున్నాయి, బాకీ అరగదు.
పీకేసిన పన్నుకి
వడ్డీ మొలుస్తూనే ఉంది.

నలభై నిమిషాలు ఫోన్లో అదే పియానో ముక్క.
చివరికొక కుర్రగొంతు
నిబంధనలన్నీ అప్పజెప్పి,
ఉన్నట్టుండి గుసగుసగా:
"మూసేస్తానని అనండమ్మా. గట్టిగా."

అంది.
ఇరవై రెండు.

గెలుపో కాదో తెలీదు.
బడి వదలడానికి ఇంకా పావుగంట.
అద్దమ్మీద గడ్డకట్టిన మంచుని
ఆ కార్డుతోనే గీకుతోంది.