ఇరవై తొమ్మిదికి ఆట

క్లబ్బు చరిత్ర రాయమన్నారు నన్ను,
డెబ్బై అయిదేండ్ల సావనీరుకు,
రెండు పేజీలు మించకుండా.
నా కాడ ఉండేది ఒక్క రిజిస్టరు.
అట్ట ఊడితే గంజి పట్టించిన గుడ్డ అంటించినారు.
చెదలు తిన్నది పోనీ, మిగిలింది చదువుతా.

మొదటి పేజీ నీలకంఠప్ప చేతిరాత:
ఎమ్మిగనూరు సాయంకాలపు బాల్ బ్యాడ్మింటన్ సంఘం.
చందా నెలకు నాలుగణాలు.
నూలు రాని నెల చందా లేదు.
ఆ ఆఖరి మాట కింద ఎవురో గీత గీసినారు.

పొద్దంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని
నడుముదాకా భూమిలో ఉండే మనుషులు
అయిదు గంటలకు పైకొచ్చి ఎగురుతుండ్రి.
అందుకే మావాళ్ళ స్మాషు
ఆదోని మిల్లు టీముకు చిక్కదని చెప్పుకుంటారు.
అబద్ధం. చిక్కుతుండె.
పన్నెండేండ్లు వరసగా ఓడినాం, లెక్కుంది.
ఇరవై తొమ్మిది, పదకొండు.
ఇరవై తొమ్మిది, తొమ్మిది.
ఒకే ఒకసారి ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు.
ఆ పొద్దు రాసిన చెయ్యి వణికింది,
సిరా ఇంకా దాచలేదు.

నెట్టు మేమే అల్లుకున్యాం.
పసుపు ఉన్ని బంతి కొంటే ఖర్చని
దస్తగిరి కంబళ్ళోళ్ళ కాడ తెల్లబొచ్చు తెచ్చి
అద్దకం తొట్లో ముంచి, ఆరబెట్టి, చుడుతుండె.
రెండు గేములకే రంగు దిగి అరచేతులకు అంటుతుండె.
పెండ్లింట్లో నలుగు పెట్టి వచ్చినోళ్ళ మాదిరి
ఇండ్లకు పోతుండ్రి అందరూ.

డెబ్బై ఆరులో కప్పు గెలిచినాం.
పూత కాదు, వెండే.
నెలకొక ఇంట్లో ఉండె అది,
పసిబిడ్డ లెక్క చేతులు మారుతా.
పదేండ్లకు నూలు ధర మండి
మగ్గాలు చప్పుడు ఆపినేడు
గుడ్డలో చుట్టి శెట్టి అంగడికి మోసింది నేనే.
తీర్మానం: కప్పు కుదువ సొమ్ము
పదకొండు ఇండ్లకు సమానంగా పంచడమైనది.
నిల్వ సున్న.
తొమ్మిది సంతకాలు, రెండు వేలిముద్రలు.

ఏటా వార్షికోత్సవానికి శెట్టే దాన్ని తెస్తుండె.
బల్ల మీద పెట్టి, ఉపన్యాసాలు అయ్యేదాకా
దాని పక్కనే కుర్చీ వేసుకోని కూచోని
రాత్రికి సంకలో పెట్టుకోని పోతుండె.
ఆరేండ్లు అట్లే జరిగింది.
ఏడో ఏడు ఉత్తచేతులతో లేచిపోయినాడు.
మరిచిపోయినాడేమోనని వెనకాలే పరిగెత్తినా.
"ఏం కప్పు?" అన్నాడు,
నడక ఆపకుండా.
ఇది రిజిస్టర్లో లేదు. ఇప్పుడు రాస్తాండా.

ఇప్పుడు ఆట ముప్పై అయిదుకంట.
సగం ఇండ్లల్లో గుంతలు పూడ్చి బండలు పరిచినారు.
సభ్యులు ఎవురై ఉండవలెనో చెప్పే నాలుగో నిబంధనను
చెదలు ఒక్క అక్షరం మిగల్చకుండా తినినాయి.
అది మంచిదే అయ్యింది.
దస్తగిరి మనవరాలు తస్లీము
ఎడమచేత్తో కొడితే నెట్టు ఊగుతాది.

నిన్న హాజరు నలుగురు.
అయిదో మనిషి లేక
వెనక గీత కాడ నన్ను నిలబెట్టినారు, డెబ్బై ఒకటో ఏట.
మూడు బంతులు చెవి పక్క నుంచే పోయినాయి.
"తాతా, కదలకపోయినా పర్లేదు,
బ్యాటు మాత్రం పైకెత్తి పట్టుకో" అనింది ఆ పిల్ల.
పట్టుకున్యా.

రెండు పేజీలు దాటినట్టుంది.
చందా బాకీ ఉన్నోళ్ళ పేర్లు
వెనక అట్ట లోపల పెన్సిలుతో రాసినా.
అవి అచ్చెయ్యొద్దు.