పేజీ తిప్పని రెండు రోజులు

బడిలో నాకు చరిత్రంటే
అర్నాల్దు మాస్టారి సుద్దముక్క.
పదిహేడు వందల యాభై అయిదు, లిస్బన్ భూకంపం.
అంకె తప్పు చెప్పినందుకు తగిలిన దెబ్బ
వేళ్ళ కణుపులు చాలాకాలం గుర్తుపెట్టుకున్నాయి,
అంకెను నేను మళ్ళీ మరిచిపోయాను.

ఇరవై రెండేళ్ళుగా ట్రామ్ నడుపుతున్నాను.
కొండ మీది చివరి స్టాపులో ఎనిమిది నిమిషాలు ఆగాలి.
ఎవరో సీట్లో వదిలేసిన నవల,
అట్ట లేదు, మొదటి పదకొండు పేజీలు లేవు.
ఎనిమిది నిమిషాలకు ఎన్ని పేజీలైతే అన్ని,
చలికాలమంతా చదువుకుంటూ వచ్చాను.

అందులో ఇనాసియా అని ఒక పిల్ల.
రొట్టెల బట్టీలో పని. ఒక కనుబొమ్మ కాలిపోయి ఉంటుంది.
యజమాని చూడనప్పుడు సోంపు వేసి
తమ్ముడికో బుల్లి రొట్టె కాలుస్తుంది.
నేను రోజూ బ్రేకు వేసే ఏటవాలులోనే
నీళ్ళు మోస్తుంది, జారిపడుతుంది, రాళ్ళను తిడుతుంది.
ఒకరోజు ఎవరూ లేని మలుపులో గంట కొట్టాను,
ఆమె తప్పుకోవాలిగా మరి.
వెనక సీటు ముసలమ్మ నన్ను వింతగా చూసింది.

మార్చి నెలలో
అక్టోబరు ముప్పై ఒకటికి చేరాను.
రేపు పునీతులందరి పండుగ.
ఇనాసియా పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, పడుకుంది.
పేజీ అంచు నా వేలి కింద ఉంది.
తిప్పలేదు.
మర్నాడూ తిప్పలేదు.
మాస్టారు నాలుగేళ్ళు కొట్టినా ఎక్కని ఏడాది
ఇప్పుడు ముల్లులా దిగి కూర్చుంది.
నాకు తెలుసు. ఆ పిల్లకి తెలియదు.
రెండు రోజులు ఊరంతటినీ
బొటనవేలితో ఆపి ఉంచాను.

మూడోనాడు తిప్పాను.
ఉదయం. చర్చిల్లో కొవ్వొత్తులు. బట్టీలో రొట్టెలు.
తర్వాతి సంగతి చెప్పను.
ఆ సాయంత్రం ట్రామ్ నాలుగు నిమిషాలు ఆలస్యమైందని
డిపో చిట్టాలో ఉంటుంది, అంతే.

"ఆ పిల్ల ఎప్పుడూ లేదు నాన్నా, అదంతా కల్పన"
అంది మా దియొలిందా.
కావచ్చు.
సముద్రం వెనక్కి పోయి తన అడుగు బయటపెట్టిందట,
జనం దాన్ని చూడ్డానికి వెళ్ళారట,
అదీ కల్పనేనేమోనని
లైబ్రరీకి వెళ్ళి లావుపాటి పుస్తకం దింపించాను.
ఉంది. అచ్చం అలాగే ఉంది.
అబద్ధాల పుస్తకం చెయ్యి పట్టుకుని
నిజాల పుస్తకం గుమ్మం దాకా తెచ్చి వదిలింది.
యాభై ఏడేళ్ళవాణ్ణి, టోపీ ఒళ్ళో పెట్టుకుని
మధ్యాహ్నం తిండి మానేసి చదివాను.

నిన్న ఒక ప్రయాణికుడు కిటికీలోంచి వేలు చూపి
"ఆ చర్చికి పైకప్పు ఏమైంది?" అన్నాడు.
అంకె నాలుక చివరే ఉంది.
"రొట్టెలు ఇంకా పొయ్యిలోనే ఉన్నాయండీ," అన్నాను.