పదిహేడు గ్రాములు

హంటర్ రోడ్డు ఫంక్షన్ హాలు
పెండ్లి ఒడిసినంక మాకు అగ్గువకిస్తరు,
రాత్రి పన్నెండు నుంచి పాలోడు వచ్చేదాక.
ఫ్యాన్లు బంద్, ఏసీ బంద్.
మండపం కింద రాలిన బంతిపువ్వు రెక్క గూడ కదలొద్దు.

పదిహేడు గ్రాముల యంత్రం. ఊరపిచ్చుక దీనికన్న బరువు.
సెకండుకు ఇరవై సార్లు రెక్క కొడ్తది.
స్టేజీ కాడ లేసి, భోజనాల గది దిక్కు మర్లి
ఆరు చుట్లు. ఏడో చుట్టుల
బగోనలు కడిగే జాగల పడ్డది.
ఏడు నిమిషాలు. నోట్‌బుక్కుల రాసుకున్న,
కొంచెం గర్వంగనే.

కుర్చీలు పేరుస్తున్న వాచ్‌మెన్ మొగిలన్న అడిగిండు:
"బండ కూలిన కాడికి పోతదా ఇది?"
సందు దొరికితే పోతదన్న.
"ఎంతసేపు ఉంటది?"
చెప్పిన.
ఇరవై రెండేండ్లు బొగ్గుబాయిల చేసిన మనిషి,
కుర్చీ మీద ఇంకో కుర్చీ పెట్టిండు.
"ఏడు నిమిషాలల్ల పేరు పెట్టి పిలుసుడే అయితది బిడ్డా,
పలికేదాక ఉండాలె గదా."

ఆ మాట నా స్కూటీ ఎనక కూసొని కాజీపేట దాక వచ్చింది.

బ్యాటరీ పెద్దది పెడితే బరువు,
బరువుకు రెక్క గట్టిగ కొట్టాలె,
గట్టిగ కొడితే బ్యాటరీ జల్ది ఒడుస్తది:
అప్పు కట్టెతందుకు అప్పు తెచ్చినట్టు.
తోక తీసేసి చూసిన. తేలికైంది,
కాని మూల తిరుగుమంటే గోడను ముద్దు పెట్టుకున్నది.

కొత్తవాడల జంపఖానాలు నేసే సారంగపాణి పెదనాయిన
నా రెక్కను వేలితోని మీటిండు.
"గింత బిగబట్టినవేంది? పడుగు తెగేది గిట్లనే.
జరంత వదులుండాలె.
దెబ్బను మింగాలె, మింగింది మళ్ల ఇయ్యాలె."

కార్బన్ పుల్లల నడుమ పొరను గోరంత వదులు చేసిన.
రెక్క మొదట్ల వెంట్రుకంత స్ప్రింగు పెట్టిన,
కిందికి కొట్టిన బలంల కొంత
పైకి లేసేటప్పుడు వాపస్ రావాలెనని.
నాలుగు స్ప్రింగులు ఇరిగినయ్.
ఐదోదాన్ని నమ్మబుద్ధి కాలే.

మళ్ల ఒక పెండ్లి. మళ్ల అర్ధరాత్రి.
పదకొండు నిమిషాలు దాటింది, ఇంక తిరుగుతనే ఉన్నది.
నేను ఫోన్ల సెకండ్లు చూస్తున్న.
మొగిలన్న దేన్నీ చూస్తలేడు, కండ్లు మూసుకున్నడు.
కట్టెతోని పైబండను కొట్టి
బోలు చప్పుడు పట్టిన చెవి అది.

"ఎడమ రెక్క అలిసింది, దించు" అన్నడు.

దించిన. విప్పి చూసిన.
ఎడమ దిక్కు పండ్లచక్రంల ఒక పన్ను
సగం అరిగి ఉన్నది.