బూట్లు తడిశాయా

కుతాయిసీలో ఆ రాత్రి వాన లేదు.
ఇది ముందే చెప్పుకోవాలి,
తర్వాత నా మాట ఎవరూ నమ్మరు.

తెర మీద మాత్రం రెండు గంటలూ వానే.
పరాయివాళ్ల కలల్లో మొరాయించిన లిఫ్టులు
బాగుచేసే మనిషి కథ.
కలలో వాన తడపదు,
అదొక్కటే అతని కొండగుర్తు.
ఎన్ని అంతస్తులు దిగినా చివరికి
వంగి బూట్లు తడుముకుంటాడు.
పొడిగా ఉంటే ఇంకా కల,
తడి తగిలితే ఇల్లు.

ఆఖర్న తలుపు తోస్తాడు.
వంటింట్లో ఎవరో ఈల వేస్తున్నారు.
గడప దగ్గర ఒంటికాలి మీద నిలబడి లేసు విప్పుతాడు.
కెమెరా తీరిగ్గా దిగుతుంది
మోకాలు, పిక్క, చీలమండ
చీకటి.
పేర్లు.

తెల్లవంతెన దాటి ఖింకలి కొట్లో కూలబడ్డాం నలుగురం.
నుగ్జార్ పళ్ల డాక్టరు,
పుచ్చు తేలేదాకా తవ్వందే ఊరుకోడు.
"కలే. గొడుగు చూశారా?
మొదట కుడిచేతిలో ఉంది, చివర ఎడమచేతిలో."
"చెయ్యి నొప్పెట్టి మార్చుకున్నాడు," అంది మాక్వాలా.
పాతికేళ్లుగా బస్సు నడుపుతోంది.
"నొప్పి పుట్టిందంటే మెలకువే."

వార్లామ్‌ది వేరే బాధ.
నిజంగానే లిఫ్టులు బాగుచేస్తాడు.
"ఆ పానాతో ఆ నట్టు ఊడి చావదు.
మొదటి పది నిమిషాలకే అబద్ధమని తేలిపోయింది,
ఇంకా కలేమిటి, మెలకువేమిటి?"

తిన్నవాటి పిలకలు తుంచి పళ్లెం అంచున పెట్టాం:
ఎడమవైపు కల, కుడివైపు మెలకువ.
నుగ్జార్ పదకొండు లాగించాడు గనక
కల గెలుస్తోంది.

నేను మెలకువ పక్షం.
ఎందుకంటే, ఈల ఉంది కదా అన్నాను.
అంతే అన్నాను.
మా అన్న నా కలలోకి వచ్చినప్పుడల్లా
పెదాలు సున్నా చుడతాడు,
బుగ్గలు లోపలికి పోతాయి,
చప్పుడు మాత్రం రాదు.
ఆ సంగతి బల్ల మీద పెట్టలేదు.
ఇంకో ఖింకలి తీసుకున్నాను,
పులుసు కారి చొక్కా పాడైంది.

హాలు మూసి లంజీరా వచ్చింది, నడుముకి తాళాలగుత్తి.
"నువ్వు చెప్పు! ముప్పై ఒక్క ఆటలూ ఉన్నావు కదా!"
కుర్చీ లాక్కుని, చెప్పులు విడిచి, మడమ నొక్కుకుంటూ అంది:
"ఒక్కసారీ తెర చూళ్లేదు నాయనా.
సరిగ్గా అప్పుడే పక్క తలుపులు తియ్యాలి నేను.
వీధిదీపం ముందు వరసల మీద పడుతుంది.
నాకు కనపడేది మీరే.
అందరూ ఒక్కసారే తలలు దించుతారు,
ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటారు.
ముట్టుకునేవాళ్లూ ఉన్నారు.
నుగ్జార్, నువ్వు రెండుసార్లు."

నుగ్జార్‌కి పొలమారింది.
మాక్వాలా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.
ఈలోగా కుర్రాడొచ్చి పళ్లెం ఎత్తేశాడు,
కలా మెలకువా ఒకే కుప్పగా బకెట్లోకి.
"ఎన్ని తిన్నారు?" అన్నాడు.
ఎవరికీ తెలీదు.
ఇక దాని మీద మొదలైంది అసలు రభస,
సినిమా మీద కంటే గట్టిగా,
మా అందరి దగ్గరా సాక్ష్యాలున్నాయి.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట.
మా తొమ్మిదంతస్తుల లిఫ్టు నాణెం మింగితే గానీ కదలదు.
మింగింది. కదిలింది.
నాలుగుకీ అయిదుకీ నడుమ ఆగి, దీపం ఆర్పుకుంది.

పైనెక్కడో ఎవరో ఈల వేస్తున్నారు.
పాదాలు చల్లగా ఉన్నాయి.
వంగలేదు నేను.
వార్లామ్‌కి ఫోన్ చేశాను.
నిద్రగొంతుతో "సరైన పానా తెస్తున్నా," అన్నాడు.
"నేనొచ్చేదాకా
కదలకు."